పంటెక్కి ఇంటికొచ్చిన బుల్లోడు: తప్పిపోయిన ఒక కుక్క కేసు

రోగి పేరు బుల్లోడు. నాలుగేళ్ల మగ నాటు కుక్క, గోధుమ రంగు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించలేదు. పిల్లగా ఉన్నప్పుడే ఇంకో కుక్క కొరికితే ఎడమ చెవి కొస తెగిపోయింది. ఆ తెగిన చెవి తర్వాత చాలా పనికొచ్చింది. ఊరు సఖినేటిపల్లి మండలంలో, గోదారి పాయ వశిష్ఠ ఏటిగట్టుకి ఈవల. యజమాని కొబ్బరి రైతు. ఏటా టీకాకి మా క్లినిక్‌కే తెస్తారు కాబట్టి పాత బరువు, టీకాల తేదీలు నా దగ్గర రాసి ఉన్నాయి.

ఆగస్టు చివర్లో ఒక ఉదయం ఆయన బుల్లోణ్ణి ఆటోలో వేసుకొచ్చారు. 19 రోజులు కనపడకుండా పోయి ముందురోజు సాయంత్రం ఇల్లు చేరాడట. రాత్రి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, లేవలేకపోతున్నాడు.

“ఈదుకొచ్చేశాడండి డాక్టరు గారూ! వరద గోదారిని అడ్డంగా ఈదుకొచ్చేశాడు. ఆయ్, ఊరంతా అదే అంటున్నారండి.”

వెనకాల వచ్చిన ఇద్దరు ముగ్గురూ అవునన్నట్టు తలూపారు. అప్పటికే వాట్సాప్‌లో వీడియో కూడా తిరుగుతోంది. నేను ఈ కేసు రాయడానికి కారణం ఆ వీడియోనే. కుక్క ఏదో అద్భుతం చేసి ఇంటికొచ్చిందని విన్నవాళ్లు, రేపు తమ కుక్క పోతే “అదే వచ్చేస్తుందిలే” అని అరుగు మీద కూర్చుంటారు. వచ్చిన కుక్క ఎలా వచ్చిందో తెలిస్తే, రాని కుక్కని ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ఎలా పోయాడు

రైతు గారి బావమరిదికి ఏటికి ఆవల, మొగల్తూరు వైపు రొయ్యల చెరువులున్నాయి. చెరువు మకాం దగ్గర కాపలాకి గట్టిగా మొరిగే కుక్క కావాలన్నారు. బుల్లోణ్ణి టాటా ఏస్ వెనక కట్టేసి, సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్ని, బళ్లని ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కించి, నరసాపురం మీదుగా తీసుకెళ్లారు. రేవు నుంచి మకాం రోడ్డు మీద పదిహేను కిలోమీటర్ల లోపే. నాలుగేళ్లు ఒకే వాకిట్లో పెరిగిన కుక్కని కొత్త చోట నైలాన్ తాడుతో కట్టేసి, మర్నాటికల్లా అలవాటు పడుతుందనుకున్నారు. మూడో రాత్రి తాడు కొరికేసి వెళ్లిపోయాడు.

మన దగ్గర తప్పిపోయిన కుక్కల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. ఇచ్చేసినవి, చెరువులకి తరలించినవి, ఇల్లు మారినప్పుడు తీసుకెళ్లినవి. నిజానికి ఇవి దారి తప్పినవి కావు. మనం వేరే చోట పెట్టాం, వాటికి అది ఇల్లు కాదు, అంతే. భయపడి పరిగెత్తిన కుక్కకీ, ఇంటికి పోవాలని తెగించి బయల్దేరిన కుక్కకీ నడక వేరు, వెతికే పద్ధతీ వేరు. ఆ తేడా కింద చెబుతాను.

పరీక్షలో కనిపించింది

బరువు 14.2 కిలోలు. మార్చిలో టీకాకి వచ్చినప్పుడు 18.5. దాదాపు నాలుగో వంతు పోయింది. జ్వరం 103.8 డిగ్రీలు, కుక్కకి మామూలుగా 101 నుంచి 102.5 వరకూ ఉంటుంది. చిగుళ్లు పాలిపోయాయి. చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో గోమార్లు గుత్తులుగా ఉన్నాయి. కడుపు తడిమితే ప్లీహం పెద్దదిగా తగిలింది. ముందరికాళ్ల అరికాళ్లు అరిగి మెత్తటి చర్మం బయటపడింది, గోళ్లు మొద్దుబారాయి. వెనక తొడ మీద ఆరిన కాటు గాయం ఒకటి.

నన్ను ఆపింది మెడ మీది గాయం. తాడు ఒరుసుకుపోయి వేలెడు వెడల్పున చర్మం లేచిపోయింది. ఆగస్టు వానల్లో, రెండు వారాలు దాటిన ఇలాంటి పుండు పురుగు పట్టకుండా ఉండదు. ఇక్కడ ఒక్క పురుగు లేదు. గాయం అంచులు గులాబీ రంగులో మానుతున్నాయి. చుట్టూ వెంట్రుకలు అట్టకట్టి ఉంటే దూదితో తుడిచాను, దూది పచ్చగా అయింది. పసుపు. దగ్గరగా వాసన చూస్తే వేపనూనె.

“ఇంటికొచ్చాక మీరేమైనా రాశారా?” అని అడిగాను.

“లేదండి. అమ్మ అన్నం పెట్టింది, అంతే. తాకితే గుర్రుమంటున్నాడండి.”

కిలోమీటరుకి అటూ ఇటూగా వెడల్పున్న ఏటిని, అదీ ఎర్రనీరు పరిగెడుతున్నప్పుడు ఈదిన కుక్క మెడ మీద పసుపు నిలవదు. ఎవరో ఒకటి రెండు రోజుల కిందటే రాశారు. పైగా ఒక్కసారి కాదు, గాయం మానుతున్న తీరు చూస్తే వరసగా రాస్తున్నారు. ఇంకో గుర్తు కూడా ఉంది. కుడి తొడకీ పొట్టకీ నల్లటి గ్రీజు, డీజిల్ వాసనతో. పొలం గట్ల మీద, కాలువల వెంట తిరిగితే బురద అంటుతుంది, గ్రీజు అంటదు. ఇంజిను పక్కన పడుకుంటే అంటుతుంది.

“పంటు వాళ్లని అడిగారా?” అంటే రైతు గారు నా మొహం చూశారు. కుక్క టిక్కెట్టు కొని పంటెక్కుతుందా అన్నట్టు.

ఎక్కుతుంది. మన రేవుల్లో మేకలు ఎక్కుతాయి, కుక్కలూ ఎక్కుతాయి. ఎక్కడానికి పలక దించగానే మోటార్ సైకిళ్ల మధ్యలోంచి దూరి ఓ మూల కూర్చుంటే పట్టించుకునే వాళ్లుండరు.

వచ్చిన దారి

తెగిన చెవి కనిపించేలా ఒక ఫొటో తీసి, నరసాపురంలో, మొగల్తూరు వైపు నాకు తెలిసిన రైతులకి, మేత డీలర్లకి పంపాను. వాళ్లు ఇంకొందరికి పంపారు. సాయంత్రానికల్లా జవాబులు రావడం మొదలైంది. అందులో సగం వేరే కుక్కలవి. చెవి సరిపోయినవే ఇక్కడ రాస్తున్నాను.

తాడు తెంపుకున్న మర్నాడు బుల్లోడు కనిపించింది పేరుపాలెం వైపు చెరువు గట్ల మీద. అంటే ఇంటి దిక్కు వదిలేసి, సముద్రం వైపు. ఇల్లేమో తూర్పున. ఆ తర్వాత మూడు నాలుగు రాత్రులు తిరిగి మకాం దగ్గరికే వచ్చాడు. కాపలా మనిషి వంచిన గంజి, మిగిలిన అన్నం తిని, తెల్లారేలోపు ఇంకో గట్టు పట్టుకుని పోయేవాడు. కాపలా మనిషి చూశాడు గానీ “తిరుగుతున్నాడు కదా, ఉంటాడులే” అనుకుని ఎవరికీ చెప్పలేదు.

ఈ కేసులో నాకు అన్నిటికంటే విలువైన సమాచారం ఇదే. బుల్లోడు ఇంటివైపు గీత గీసినట్టు నడవలేదు. మకాం అతనికి ఇష్టం లేని చోటే, అయినా తెలిసిన చోటు అదొక్కటే. దాన్ని పట్టుకుని ఒకరోజు ఒక గట్టు, ఇంకోరోజు ఇంకో గట్టు చూశాడు. పనికిరానిది వదిలేసి వెనక్కి వచ్చాడు. ఆ రాత్రుల్లో ఎవరైనా మకాం దగ్గర అన్నం గిన్నె పెట్టి కూర్చుని ఉంటే అప్పుడే దొరికేవాడు.

వారం తర్వాత మకాంకి రావడం మానేశాడు. అప్పుడు కనిపించింది నరసాపురం చేపల మార్కెట్ వెనక, ఐసు పెట్టెలు కడిగే చోట. తొడ మీది కాటు అక్కడి కుక్కలదే అయ్యుంటుంది. వాటి పేటలోకి కొత్త మగకుక్క వస్తే ఊరుకోవు. అక్కణ్నుంచి మాధవాయిపాలెం రేవుకి. రేవు దగ్గర టీ కొట్టు నడిపే ఆవిడ ఫొటో చూడగానే గుర్తుపట్టారు.

“ఈడా, వారం పైనే ఉన్నాడు మా కాడ. వరదొచ్చి పంటు ఆపేశారు కదండీ, రోజూ పలక కాడికెళ్లి కూర్చునేవోడు. బన్ను ముక్కలేసేదాన్ని. మెడ పుండైపోయిందని పసుపూ వేపనూనే రాశాను, కరవలేదు పాపం.”

వరద తగ్గి పంటు మళ్లీ తిరిగిన రోజే బుల్లోడు ఇల్లు చేరాడు. పంటులో పనిచేసే కుర్రాడు కూడా ఇంజిను పక్కన పడుకున్న తెగిన చెవి కుక్కని చూశానని చెప్పాడు. ఈవల రేవు నుంచి ఇంటికి గట్టుమీద మూడు కిలోమీటర్లు.

ఇంకో ప్రశ్న మిగిలింది. పంటెక్కితే ఇల్లొస్తుందని కుక్కకెలా తెలుసు? దీనికి జవాబు రైతు గారి అమ్మ, మామ్మగారు చెప్పారు. రెండేళ్ల కిందట మనవడు నరసాపురంలో ఇంటర్ చదివేవాడు. రోజూ పొద్దున సైకిల్ వెనకాల రేవుదాకా బుల్లోడు పరుగు. రెండుమూడు సార్లు పంటులోకి కూడా ఎక్కేస్తే అటు నుంచి అదే పంటులో తిప్పి పంపించారట. ఇది రైతు గారికి గుర్తే లేదు. కుక్కకి గుర్తుంది.

ముక్కు, చెవి, అయస్కాంతం

ఇంటి వాసన గాలిలో తగిలి దాని వెంట వచ్చాడని చాలామంది అన్నారు. కుక్క ముక్కుని తక్కువ చేయను. మనకి వాసన పట్టే గ్రాహకాలు 50, 60 లక్షలుంటే కుక్కకి 30 కోట్ల దాకా ఉంటాయి. ముక్కు నుంచి చూపుకి సంబంధించిన మెదడు భాగానికి నేరుగా నరాల దారి ఉందని 2022లో అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు స్కానింగుల్లో చూపించారు. వాసనతో కుక్క ఒక చోటిని దాదాపు చూస్తుందని అనుకోవచ్చు. కానీ ఆగస్టులో మనకి వీచేది పడమటి గాలి. మొగల్తూరుకి ఇల్లు తూర్పున. ఇంటి వాసన బుల్లోడికి ఎదురొచ్చే వీలే లేదు, అతని దగ్గరి వాసనే ఇంటివైపు పోతుంది. వెళ్లింది బండిలో కాబట్టి తన అడుగుల వాసన పట్టుకుని వెనక్కి రావడమూ కుదరదు.

కళ్లతో అవతలి గట్టు గుర్తుపట్టాడా అంటే అదీ కష్టం. మనం 75 అడుగుల నుంచి స్పష్టంగా చూసేది చూడాలంటే కుక్క సుమారు 20 అడుగుల దగ్గరికి రావాలి.

అయస్కాంతం సంగతి కొంచెం ఆసక్తికరం. చెక్ దేశంలో వేటకుక్కలకి జీపీఎస్ పట్టీలు కట్టి 2014 నుంచి 2017 దాకా అడవుల్లో వదిలారు. 27 కుక్కలు, ఆరు వందలకు పైగా పరుగులు. ఫలితాలు 2020లో వచ్చాయి. ఎక్కువసార్లు కుక్కలు తమ వాసన పట్టుకుని వెళ్లిన దారినే తిరిగొచ్చాయి. ఇంకొన్నిసార్లు కొత్త దారిన వచ్చాయి. అలా కొత్త దారి పట్టినవి చాలావరకు మొదట ఓ 20 మీటర్లు ఉత్తర దక్షిణాల వెంట పరిగెత్తి, ఆ తర్వాత యజమాని వైపు తిరిగాయి. యజమాని ఏ దిక్కున ఉన్నా సరే, మొదటి పరుగు మాత్రం ఉత్తర దక్షిణాలే. అలా చేసినవి చేయనివాటికంటే దగ్గరి దారిన వచ్చాయి. భూమి అయస్కాంత క్షేత్రంతో దిక్కు సరిచూసుకుంటున్నాయని వాళ్ల అంచనా. ఇదే బృందంలో కొందరు అంతకుముందు, 2013లో, కుక్కలు దొడ్డికి కూర్చునేటప్పుడు ఒళ్లు ఉత్తర దక్షిణంగా పెడతాయని రాసి మరుసటి ఏడు, 2014లో, ఇగ్ నోబెల్ (నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) కూడా అందుకున్నారు.

నవ్వు పక్కన పెడితే ఆ జీపీఎస్ పరిశోధన గట్టిదే. కానీ ఆ కుక్కలు తమ కాళ్లతో వెళ్లి వచ్చాయి, మధ్యలో ఏరు లేదు. దిక్కు తెలిసినంత మాత్రాన వశిష్ఠ దాటలేం. మొదటిరోజే పేరుపాలెం వైపు పోయిన కుక్కకి దిక్సూచి ఎంత సాయం చేసిందో మీరే చెప్పండి.

నా లెక్క ఇది. బుల్లోడు వెతుక్కున్నది ఇంటిని కాదు, ఇంటికి ముందు తనకి తెలిసిన చోటుని. నరసాపురం పొలిమేరలోకి వచ్చాక ఏటి వాసన, చేపల వాసన, డీజిల్, పంటు ఇంజిను చప్పుడు అన్నీ పాత జ్ఞాపకంలోవే. ఇక పంటు తిరుగుతున్నప్పుడైతే, వచ్చే ప్రతి పంటూ ఈవలి గట్టు మనుషుల్ని, కొబ్బరికాయల్ని, అరటి గెలల్ని మోసుకొస్తుంది. గాలి తేలేని ఇంటి వాసనని పంటు తెచ్చి పలక దించుతుంది.

ఈ విషయంలో ప్రపంచమంతా చెప్పుకునే కుక్క అమెరికాలోని బాబీ. 1923లో ఇండియానా రాష్ట్రంలో తప్పిపోయి, 1924 ఫిబ్రవరిలో ఒరెగాన్‌లోని సిల్వర్టన్‌లో ఇల్లు చేరింది. సుమారు 4,000 కిలోమీటర్లు. ఆ సంగతి పేపర్లలో వచ్చాక, దారిలో దానికి తిండి పెట్టినవాళ్లు, చోటిచ్చినవాళ్లు ఉత్తరాలు రాశారు. వాటితోనే దాని దారి కూర్చారు. అంత పేరున్న కుక్క ప్రయాణం కూడా జనం వంటిళ్ల మీదుగానే జరిగింది. మన కేసులో టీ కొట్టు ఆవిడ పసుపు రాసినట్టే.

వైద్యం

గోమార్ల జ్వరం అనుమానంతో రక్తం తీస్తే ప్లేట్‌లెట్లు 62,000 వచ్చాయి, మామూలుగా రెండు లక్షలు పైన ఉండాలి. ఎర్లీకియా (గోమార్లు అంటించే బ్యాక్టీరియా) కిట్ పాజిటివ్. డాక్సీసైక్లిన్ కిలో బరువుకి 10 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు, తిండి పెట్టాకే. వరద నీళ్లలో, ఎలుకలున్న గట్ల మీద తిరిగాడు కాబట్టి లెప్టోస్పైరా (ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో అంటే బ్యాక్టీరియా) గురించి టెన్షన్ పడ్డాను. కిడ్నీ, లివర్ పరీక్షలు బాగానే వచ్చాయి. అదే డాక్సీ దానికీ పనిచేస్తుంది. ఊరకుక్క కరిచింది కాబట్టి, పాత టీకా ఉన్నా రేబీస్ బూస్టర్ అదే రోజు వేశాను, కొన్నాళ్లు కట్టేసి కనిపెట్టుకుని ఉండమన్నాను.

వాంతులకి కారణం మాత్రం ప్రేమ. చిక్కిపోయి వచ్చాడని మామ్మగారు కోడికూర కలిపి బేసిన్ నిండా అన్నం పెట్టారు. రోజుల తరబడి అరకడుపుతో ఉన్న కుక్కకి అలా ఒక్కసారే పెట్టకూడదు. వాంతులతో పోతే అదృష్టం, ఒక్కోసారి రక్తంలో లవణాలు తారుమారై ప్రాణం మీదికొస్తుంది. మొదటి మూడు రోజులు గుప్పెడేసి మెత్తటి అన్నం, ఉడికించిన చికెన్, ఉప్పూ కారం లేకుండా రోజుకి ఐదారుసార్లు పెట్టమన్నాను. మామ్మగారికి నచ్చలేదు. “ఇంత దూరం నడిచొచ్చినోడికి గుప్పెడా?” అన్నారు. అయినా చేశారు.

ఇంకో కుక్క, పూర్తిగా వేరే కథ

దీపావళి రాత్రి రాజోలులో ఒక లాబ్రడార్ టపాకాయల చప్పుడికి గేటు దూకి పారిపోయింది. యజమానులు కారేసుకుని అమలాపురం దాకా వెతికారు. మూడోరోజు అది దొరికింది ఇంటికి మూడు వందల మీటర్లలో, కొబ్బరి డొక్కల గుట్ట వెనక. పేరు పెట్టి పిలిచినా కదల్లేదు, మూలిగిందంతే. భయంతో పారిపోయిన కుక్క ఇల్లు వెతుక్కోదు, దాక్కుంటుంది. తన మనిషి గొంతుకి కూడా పలకని స్థితిలో ఉంటుంది. దాని వెంట నలుగురు పరిగెత్తితే ఇంకా దూరం పోతుంది.

2012లో అచ్చైన ఒక అమెరికా సర్వేలో కుక్క తప్పిపోయిన ఇళ్లవాళ్లని అడిగితే 93 శాతం కుక్కలు దొరికాయన్నారు. వాటిలో దాదాపు సగం చుట్టుపక్కల వెతికితేనే దొరికాయి. తమంతట తాము తిరిగొచ్చినవి ఐదింట ఒకటి. మెడ బిళ్ల వల్లో మైక్రోచిప్ వల్లో దొరికినవి 15 శాతం. వీధులు, కంచెలు, షెల్టర్లు అన్నీ ఉన్న దేశం లెక్క అది, మనకి అచ్చంగా సరిపోదు. అయినా వెతికిన వాళ్లకే ఎక్కువ దొరికాయన్నది ఎక్కడైనా ఒకటే.

డెల్టాలో ఎక్కడ వెతకాలి

ఇంటి చుట్టూ వలయంగా వెతకమని ఎక్కడ చదివినా రాసి ఉంటుంది. భయపడ్డ కుక్కకి అది సరే. ఇంటికి బయల్దేరిన కుక్కకి మన నేల మీద వలయం పనికిరాదు. ఇక్కడ కుక్క నడిచేది గట్ల మీద. చెరువు గట్టు, బోదె గట్టు, కాలువ గట్టు, ఏటిగట్టు. గట్టు ఎటు పోతే కుక్క అటు పోతుంది, నీళ్లు అడ్డొచ్చిన చోట ఆగుతుంది. చిన్న కాలువైతే ఈదుతుంది. ఏరైతే దాటే చోటు కోసం గట్టు వెంట పైకీ కిందికీ తిరుగుతుంది. అందుకని ముందు నీటిని దాటే చోట్లు రాసుకోండి. బ్రిడ్జిలు, లాకులు, తూములు, కాజ్‌వేలు, రేవులు. బుల్లోడి విషయంలో అయితే మాధవాయిపాలెం రేవు, పైన చించినాడ బ్రిడ్జి, ఈ రెండూ ముఖ్యం. రెండుచోట్లా టీ కొట్టువాళ్లకి ఫొటో, ఫోన్ నంబరు ఇస్తే వారం ముందే కబురొచ్చేది. రేవులో టీ కొట్టు కంటే పెద్ద కంట్రోల్ రూమ్ మనకి లేదు.

రెండోది, తప్పించుకున్న చోటుని వదలకండి. కనీసం వారం రాత్రులు అక్కడ అన్నం, తాగే నీళ్లు, మీరు కట్టి విప్పిన లుంగీయో దుప్పటో పెట్టి ఎవరో ఒకరు ఉండండి. కనిపించగానే లేచి పరిగెత్తొద్దు. పక్కకి తిరిగి కింద కూర్చుని, మామూలు గొంతుతో రోజూ అనే మాటే అనండి.

కుక్కని చెరువుకి పంపాలనుకునే వాళ్లకి నా సలహా, పెద్ద కుక్కని పంపకండి. పంపక తప్పకపోతే రెండుమూడు వారాలు మూసిన షెడ్‌లో, తెలిసిన మనిషితో ఉంచండి. రోజూ తనే అన్నం పెట్టి, బెల్టుతో గట్టు మీద తిప్పాలి. మెడకి నైలాన్ తాడు వద్దు. పంపే ముందే నంబరున్న బెల్టు కట్టండి. బుల్లోడి మెడకి ఫోన్ నంబరే ఉంటే టీ కొట్టు ఆవిడ మొదటిరోజే ఫోన్ చేసేది.

తర్వాత

నాలుగు వారాలకి బరువు 17.1, ప్లేట్‌లెట్లు రెండు లక్షలు దాటాయి. అరికాళ్లు మానాయి. మెడ చుట్టూ కొంత మేర వెంట్రుకలు ఇక రావు. దానికి మెత్తటి వెడల్పు బెల్టు వేసి, నంబరు రాయించాం. రక్తం కుదుటపడింది కాబట్టి సంక్రాంతి వెళ్లాక ఆపరేషన్ పెట్టుకున్నాం. మగకుక్కలు ఊళ్లు పట్టుకు తిరగడం దాంతో చాలావరకు తగ్గుతుంది. బావమరిది గారు మకాంలోనే పుట్టిన ఒక పిల్లని పెంచుకుంటున్నారు. టీ కొట్టు ఆవిడకి రైతు గారు ఒక గెల చక్రకేళి, ఇరవై కొబ్బరికాయలు పంపించారు, అదీ పంటులోనే.